ఆటలో అరటిపండుగానే మొదలుపెట్టనివ్వండి

ప్రశ్న: మేం విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. మాకు ఒక్కడే బాబు, ఐదేళ్లు నిండాయి. ఇంట్లో గలగలా మాట్లాడతాడు కానీ నలుగురు పిల్లల మధ్యకు తీసుకెళ్తే నా చున్నీ వదలడు. సాయంత్రం కింద పార్కింగ్‌లో పిల్లలు ఆడుతుంటే మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని చూస్తూ నిలబడతాడు, ఆటలోకి దిగడు. ఎప్పుడైనా దిగినా ఔటయితే ఒప్పుకోడు, రూల్స్ మార్చేస్తాడు, ఏడుస్తాడు. ఒకసారి పక్క ఫ్లాట్ పాపను కొట్టాడు కూడా. షేరింగ్ లేదని యూకేజీ టీచర్ డైరీలో రాశారు. ఇంటికొస్తే ఫోనే లోకం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ‘మన పాత ఆటలు ఆడించండి, అన్నీ అవే వస్తాయి’ అంటున్నారు. ఆవిడ అష్టాచెమ్మా ఆడిస్తూ ప్రతిసారీ వాణ్నే గెలిపిస్తారు. కింద ఎక్కువగా ఆడేది వాచ్‌మన్ పిల్లలు. వాళ్లతో ఆడనివ్వాలా వద్దా అని మావారికి సందేహం. పాత ఆటలతో నిజంగా కలుపుగోలుతనం వస్తుందా? లేక ఈ వేసవిలో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్యాంపులో చేర్చమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ మెట్ల దగ్గర సంగతి మాట్లాడుకుందాం. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది అదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. నాకు మాత్రం అందులో మంచి సూచనే కనిపించింది. ఆటంటే గిట్టని పిల్లాడు అక్కడ నిలబడడు, ఇంట్లోకి వెళ్లిపోతాడు. మీవాడు నిలబడి చూస్తున్నాడంటే ఎవరు దొంగ, ఎవరు ఎటు పరిగెత్తారు, ఎవరు తొండి చేశారు అన్నీ గమనించుకుంటున్నాడన్నమాట. చిన్నపిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఆడుకుంటారో దగ్గరుండి గమనించిన మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లో ఆ వివరాలు ప్రచురించారు. ఒంటరిగా ఆడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, కలిసి ఆడటం లాంటి వాటితో పాటు ‘చూస్తూ ఉండటం’ అన్నదాన్ని కూడా ఆవిడ విడిగా ఒక రకంగా లెక్కించారు. కాబట్టి వెనకనుంచి ‘వెళ్లు నాన్నా, వెళ్లు, సిగ్గుపడకు’ అని తోయకండి. నలుగురి ముందు ‘వీడికి సిగ్గండీ’ అని అసలు అనకండి. ఆ మాట వాడు వింటాడు, తన గురించి అదే నిజమనుకుంటాడు.

తోయకుండా ఎలా దించాలంటారా? దానికి మన పిల్లలు ఎప్పుడో ఒక దారి కనిపెట్టి ఉంచారు. గుంపులో మరీ చిన్నవాడు ఉంటే వాణ్ని ఆటలో అరటిపండు చేస్తారు. వాడు అందరితో పాటు పరిగెడతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. కానీ దొరికినా దొంగ కాడు, ఔటైనా లెక్కలేదు. ఆట ఎలా నడుస్తుందో లోపలినుంచి నేర్చుకుంటాడు. కొన్నాళ్లకు వాడికే రోషం వస్తుంది, ‘నేను అరటిపండు కాదు, నన్నూ దొంగ పెట్టండి’ అంటాడు. ఆ రోజు వాడంతట వాడు అడిగి ఓడిపోయే అవకాశం తీసుకుంటున్నాడు. ఐదేళ్లవాడికి ఇంతకన్నా మంచి ప్రవేశం నాకు తెలీదు. మీరు చేయాల్సిందల్లా గుంపులో కాస్త పెద్దపిల్లను ఎవరినైనా పక్కకు పిలిచి ‘మా బాబును అరటిపండుగా పెట్టుకుంటారా అమ్మా?’ అని అడగడమే. పిల్లలు దాదాపు ఎప్పుడూ కాదనరు, పైగా ఆ పెద్దరికం వాళ్లకు నచ్చుతుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం. ఆట పాతదైనంత మాత్రాన అందులో మహిమ ఉండదు. ఇవే ఆటల్ని ఒక సార్ విజిల్ ఊదుతూ, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఎవరు ఔటో తనే చెబుతూ ఆడిస్తే ఒంటికి వ్యాయామం దక్కుతుంది, అంతే. నలుగురితో మసలడం వచ్చేది ఆట మొదలయ్యే ముందూ మధ్యలోనూ పిల్లలు తమలో తాము పడే గొడవల్లోంచి. ఎవరు దొంగ, ఏది హద్దు, తూచ్ చెల్లుతుందా చెల్లదా, ఇప్పుడే వచ్చినవాణ్ని చేర్చుకోవాలా వద్దా... ఇవన్నీ పెద్దవాళ్లు లేకుండా తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే ఆట లేదు.

పంటలు వేసుకోవడం ఒకసారి దగ్గరగా చూడండి. ముగ్గురు ముందుకొచ్చి చేతులు కలిపి ఊపుతారు, ఒక్కసారిగా అరచేయి పైకో కిందకో పెట్టి ఆపుతారు. ఇద్దరివి ఒకలా, ఒకరిది వేరేలా పడితే ఆ ఒక్కరూ పండినట్టు. ఆ స్థానంలోకి ఇంకొకరు వస్తారు. చివరికి ఇద్దరే మిగిలితే అప్పటికే పండినవాడొకడు చెయ్యి సాయం ఇస్తాడు. అప్పుడూ పండకుండా మిగిలినవాడే దొంగ. ‘నన్నే ఎందుకు దొంగ పెట్టారు’ అని ఏడవడానికి వీల్లేదు, ఎవరూ పెట్టలేదు కదా. చెయ్యి ఆలస్యంగా తిప్పితే మాత్రం పది గొంతులు లేస్తాయి, మళ్లీ వేయిస్తారు. న్యాయం ఎలా ఉండాలో ఆ నిమిషంలో పిల్లలు వాదించుకుంటారు. దొంగను మనమే పెట్టేస్తే ఈ భాగం మొత్తం పోతుంది.

మీ అపార్ట్‌మెంట్‌కు సరిగ్గా సరిపోయే ఆట ఒకటి చెబుతాను: నాలుగు స్తంభాలాట. పాత మండువా ఇళ్లల్లో, గుడి మండపాల్లో ఆడేవాళ్లు. ఇప్పుడు ఆ స్తంభాలన్నీ అపార్ట్‌మెంట్ల కింద పార్కింగుల్లోనే ఉన్నాయి. నాలుగు స్తంభాల దగ్గర నలుగురు, మధ్యలో దొంగ. స్తంభాల దగ్గరున్నవాళ్లు ఒకరి చోటుకు ఒకరు మారుతుండాలి, ఆ సందులో దొంగ ఖాళీ స్తంభాన్ని పట్టుకుంటే చోటు పోయినవాడు దొంగ అవుతాడు. పైకి పరుగుల ఆటే. అసలు ఆటంతా కళ్లలో ఉంటుంది. చోటు మారాలంటే ఎదుటి స్తంభం దగ్గరున్న పాప మీవాడి వైపు చూడాలి, వీడు చూడాలి, దొంగకు తెలియకుండా కనుబొమ్మ ఎగరేసుకోవాలి, ఇద్దరూ ఒకే క్షణంలో కదలాలి. ఒకరు కదిలి ఇంకొకరు ఆగిపోతే కదిలినవాడు నట్టేట మునిగినట్టే. అలా ఒకసారి మోసపోయిన పిల్లాడు తర్వాత ఎవరిని నమ్మాలో చూసుకుంటాడు. మాటిచ్చి కదలని పిల్లవైపు మళ్లీ ఎవరూ చూడరు, అది తనకు అర్థమై తనూ మారుతుంది. ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోవడం, చెప్పకుండా ఒప్పందం చేసుకోవడం ఇంత సూటిగా నేర్పే ఆట ఇంకొకటి నాకు కనిపించదు. మీవాడి వయసుకు మొదట్లో కాస్త కష్టమే, కొన్నాళ్లు పక్కన ఒక పెద్దపిల్లతో కలిసి ఒకే స్తంభం పట్టుకోనివ్వండి.

దాగుడుమూతలు అంతకన్నా తేలిక. మూడేళ్లవాడు తన కళ్లు మూసుకుని దాక్కున్నాననుకుంటాడు, లేదా తెర వెనక నుంచి ‘నేనిక్కడున్నా’ అని తనే అరుస్తాడు. నాకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చు అన్న సంగతి పిల్లలకు మెల్లగా నాలుగైదేళ్ల మధ్య అర్థమవుతుంది. మీవాడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు కాబట్టి ఈ ఆట రుచి ఇప్పుడే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం పెద్దవాళ్లు చూసుకోవాల్సిందే: సంపు మూత గట్టిగా ఉందా, జనరేటర్ గది, కరెంటు మీటర్ల బోర్డు మూసి ఉన్నాయా చూడండి. కార్ల వెనక, కార్ల కింద దాక్కోకూడదన్నది పిల్లలందరికీ ముందే చెప్పండి. ఆడే వేళ గేటు వేసి ఉంచమనండి, డెలివరీ బైకులు నేరుగా లోపలికి దూసుకొస్తుంటాయి.

రూల్స్ మార్చేస్తాడని రాశారు. తొండి అంటే అబద్ధం, అబద్ధమంటే చెడ్డ బుద్ధి అని భయపడుతున్నారు కాబోలు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే అక్కడి పిల్లలు గోళీలాడుతుంటే పక్కన కూర్చుని ఆ ఆట రూల్స్ అడిగి తెలుసుకున్నారు, 1932లో ఆ సంగతులు రాశారు. ఐదారేళ్ల పిల్లలు కలిసి ఆడుతున్నట్టే కనిపించినా ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు, ఎవరు గెలిచారంటే ఒకేసారి అందరూ గెలిచామంటారు. ఒకే రూల్ అందరికీ వర్తించాలన్న పట్టింపు ఏడెనిమిదేళ్ల దగ్గర గట్టిపడుతుందని ఆయన గమనించారు. కాబట్టి ఐదేళ్లకే మీవాడు ధర్మరాజులా ఆడాలని ఆశించకండి. అలాగని వదిలేయమనీ కాదు. రూల్ మారిస్తే మిగతా పిల్లలు ఎలాగూ ఊరుకోరు. ‘తొండి, తొండి’ అని వాళ్లు అరవడం మీరు చెప్పే నీతికన్నా బాగా పనిచేస్తుంది, అరవనివ్వండి.

కొట్టడం వేరు. కొట్టినా, కొరికినా వెంటనే వెళ్లాలి. వాడి చెయ్యి పట్టుకుని ‘కోపం వచ్చింది, తెలుసు. కొట్టనివ్వను’ అని రెండు ముక్కల్లో చెప్పి, కాసేపు పక్కన కూర్చోబెట్టుకోండి. అక్కడ అందరి ముందు ‘సారీ చెప్పు, చెప్తావా లేదా’ అని పంతం పట్టకండి. కాస్త చల్లబడ్డాక ‘పాపకు నొప్పి పుట్టింది కదా, ఏం చేద్దాం?’ అని అడిగితే వాడే ఏదో ఒకటి చెబుతాడు, తన బంతి ఇస్తాననో, బిస్కెట్ ఇస్తాననో. అది నిజమైన సారీ.

ఓడిపోవడం నేర్చుకునే చోటు మాత్రం ముందుగా మీ ఇల్లే. అందుకు అష్టాచెమ్మాను మించింది లేదు, అది మీ అత్తగారి చేతిలోనే ఉంది. నేలమీద సుద్దముక్కతో ఐదు గళ్లకు ఐదు గళ్లు గీస్తే చాలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు. ఈ ఆటలో ఉన్న గొప్పతనం ఏమిటంటే కాయ చస్తుంది, మళ్లీ బతుకుతుంది. ఒక్క ఆటలో చాలాసార్లు కాయ పోతుంది, ఇంటి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతాం, కాసేపటికి అవతలివాళ్ల కాయనూ చంపుతాం. ఓటమి చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది, వెంటనే తేరుకునే దారీ ఉంటుంది. ప్రతిసారీ వాణ్నే గెలిపిస్తే ఈ మేలంతా పోతుంది. కింద పార్కింగ్‌లో నాయనమ్మలు ఉండరు కదా.

ఇది అత్తగారికి మీరు కాకుండా మీవారు చెబితే బాగుంటుంది. ‘అమ్మా, నువ్వు వాడి కాయను కూడా చంపాలి’ అని కొడుకు నవ్వుతూ అంటే ఆవిడ నొచ్చుకోరు. ఆవిడకు ఇంకో పని కూడా అప్పజెప్పండి: తన కాయ చచ్చినప్పుడు పైకి గట్టిగా అనమనండి. ‘అయ్యో, పండబోతుంటే చంపేశావురా! పోనీలే, ఈసారి అష్ట వేస్తా చూడు’ అని. ఓడినప్పుడు ఏమనాలో, ముఖం ఎలా పెట్టాలో పిల్లలకు తెలియదు, మనల్ని చూసి నేర్చుకుంటారు. వాడు కోపంతో గవ్వలు విసిరేస్తే ఆ పూటకు ఆట ఆపేయండి. తిట్టొద్దు, బుజ్జగించి గెలిపించొద్దు. రేపు మళ్లీ వేద్దామనండి. రోజూ ఒక్క ఆట, అంతకన్నా వద్దు. మీరు ఆఫీసు నుంచి వచ్చాక ఆ ఒక్క ఆటలో కూర్చుంటే ఇంకా మంచిది.

వాచ్‌మన్ పిల్లల గురించి మీవారి సందేహం చదివి కాసేపు ఆగాను. ఇది నొప్పించినా చెప్పాలి. మీ పార్కింగ్‌లో ఈ ఆటలు బతికి ఉన్నాయంటే ఆ పిల్లల వల్లే. ట్యూషన్ల మధ్య అరగంట కిందకు దిగే ఫ్లాట్ల పిల్లలకు పంటలు ఎలా వేయాలో నేర్పేది వాళ్లే అయ్యుంటారు. చిన్నవాళ్లను చంకనేసుకుని ఆడిన పిల్లలకు ఐదేళ్లవాణ్ని ఎలా ఆడించాలో మనకన్నా బాగా తెలుసు. వయసులు కలిసిన గుంపులో చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటారు, పెద్దవాళ్లు చిన్నవాళ్లకోసం తమ జోరు తగ్గించుకోవడం నేర్చుకుంటారు. స్కూల్లో అందరూ ఒకే వయసువాళ్లు, అక్కడ ఇది దొరకదు. పైగా ఎవరితో ఆడొచ్చో ఎవరితో ఆడకూడదో వాళ్ల నాన్న ఉద్యోగాన్నిబట్టి తేల్చుకోవడం ఐదేళ్లకే నేర్పిస్తే, ఆ తర్వాత కలుపుగోలుతనం ఎంత నేర్పినా ఏం లాభం? భాష పాడవుతుందన్న భయమైతే, ఫోన్లో వాడు వింటున్న భాష ఒకసారి పక్కన కూర్చుని వినండి. మీవారిని ఒక సాయంత్రం కిందకు దిగి ఆ పిల్లల పేర్లు అడిగి తెలుసుకోమనండి. ఫలహారం దించినప్పుడు అందరికీ దించండి, మీవాడికి ఒక్కడికే కాదు.

మన ఆటల్ని పొగుడుతూ పాతకాలమంతా బంగారమని నేను అనను. ఆడపిల్లలు చెమ్మచెక్క దగ్గరే ఆగిపోవాలి, గోళీలు, బొంగరాలు మగపిల్లలవి అన్న గీత అప్పుడుండేది. వీధిని బట్టి, కులాన్ని బట్టి గుంపులు విడిపోయేవి. ఆటలు తెచ్చుకుందాం, ఆ గీతలు అక్కర్లేదు. మీవాడికి చెమ్మచెక్క నేర్పండి. ఎదుటివాళ్ల చేతితో తన చెయ్యి లయగా కలపడం వాడికి ఇప్పుడు ఎంతో అవసరం. ఒప్పులకుప్ప కూడా అంతే, ఇద్దరూ చేతులు గట్టిగా పట్టుకుని వెనక్కి వాలి తిరగాలి, ఒకరు వదిలితే ఇద్దరూ పడతారు. ఒక్క పిల్లాడితో మొదలుపెట్టడానికి ఇవి బాగుంటాయి. శనివారం సాయంత్రం పక్క ఫ్లాట్ పాపనే ఇంటికి పిలవండి, వాడు కొట్టిన పాపే. ఇద్దరి మధ్య రాజీ కుదిరితే గుంపులోకి వెళ్లడానికి వాడికి ఒక తోడు దొరికినట్టే.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. నేలా బండా ఇప్పుడే ఆడొచ్చు, మెట్లూ అరుగూ ఉంటే చాలు. చింతపిక్కలు కుప్పపోసి ఉఫ్‌మని ఊది, పక్కది కదలకుండా ఒక్కొక్కటే తీసే ఆట తొందరపాటు పిల్లలకు చాలా మంచిది. వామనగుంటలు కూడా మంచిదే, తన వంతు వచ్చేదాకా ఆగడం అలవాటవుతుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం పిక్కలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. ఏడుపెంకులాటలో ఇప్పటికి బంతి అందించే పని చాలు. అచ్చనగండ్లకు ఇంకో రెండేళ్లు ఆగండి. కర్రాబిళ్లా అసలొద్దు, కళ్లకు ప్రమాదం, అది పెద్దపిల్లలు ఖాళీ మైదానంలో ఆడుకోవాల్సింది.

బెజవాడ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. వేసవిలో సాయంత్రం ఐదున్నర దాటాకే కిందకు పంపండి, సీసాలో నీళ్లు పెట్టండి. మధ్యాహ్నం గవ్వలూ పిక్కలూ. ఫోన్ ఒక్కసారిగా లాక్కుంటే ఇంట్లో యుద్ధమే, కాబట్టి ఆటల వేళ పెంచుకుంటూ దాన్ని తగ్గించండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీవాడు ఆ వయసు ఇప్పుడే దాటాడు, ఆ గంటనే గీతగా పెట్టుకున్నా తప్పులేదు.

కింద ఆడేటప్పుడు మీరు ఎక్కడుండాలి? కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో. పక్కింటావిడతో మాట్లాడుతూ కూర్చోండి. వాడు పరిగెత్తుకొచ్చి ‘అమ్మా, వాళ్లు నన్ను ఔటంటున్నారు’ అంటే తీర్పు చెప్పకండి. ‘అవునా? మరి నువ్వేమన్నావు?’ అని అడగండి. ‘నేనాడను పో’ అని వచ్చి మీ ఒళ్లో కూర్చుంటే కూర్చోనివ్వండి. ఆ మాటకు ఆటలో చాలా బలం ఉంది. ఎవరైనా మానేసి వెళ్లిపోవచ్చు కాబట్టే మిగతావాళ్లు ఒకరి మనసు ఒకరు చూసుకుంటూ ఆడతారని అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ గ్రే అంటారు. నలుగురికే సరిపోయే ఆటలో ఒకడు అలిగితే మిగతావాళ్లు బతిమాలుకోవడానికి వస్తారు, లేదా రెండు నిమిషాలు చూసి వీడే తిరిగి వెళతాడు. రెండూ మంచివే. ఒకే పిల్లాణ్ని అందరూ కలిసి రోజూ ఏడిపిస్తున్నారంటే మాత్రం మీరు వెళ్లాలి, అది ఆట కాదు.

మీవాడు ఇంట్లో బాగా మాట్లాడతాడని రాశారు కాబట్టి నాకు కంగారు లేదు. కానీ పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, ఉత్తుత్తి వంటలూ బొమ్మలాటలూ అసలు ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటివి ఏవైనా గమనిస్తే ఆటలతో సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. టీచర్ డైరీలో రాసిన ‘షేరింగ్ లేదు’ గురించి కూడా ఒక మాట: ఏ సందర్భంలో, ఏ వస్తువు దగ్గర అని ఆవిడనే అడగండి. తనకు ఇష్టమైన ఒక్క పెన్సిల్ ఇవ్వకపోవడం వేరు, దేన్నీ ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం వేరు.

ఇక క్యాంపు. ఐదేళ్లవాడికి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పేరుతో స్టేజీ ఎక్కించి మైకులో మాట్లాడించడం నాకు నచ్చదు. మీవాడికి కావాల్సింది స్టేజీ కాదు, ఇద్దరు ముగ్గురు నేస్తాలు. ముందు నెలరోజులు పార్కింగ్‌లో ప్రయత్నించండి. మీ ఇద్దరి ఆఫీసుల వల్ల పగలు వాణ్ని ఎక్కడైనా ఉంచక తప్పదంటే చేర్చండి, అది అవసరం, అందులో తప్పేమీ లేదు. డబ్బు కట్టే ముందు మాత్రం వాళ్లను ఒక సంగతి అడగండి: రోజులో పిల్లలు ఏం ఆడాలో వాళ్లే అనుకుని ఆడుకునే సమయం ఎంత ఉంటుంది? కనీసం గంటైనా లేకపోతే వేరేచోటు చూసుకోండి.